గంజి వాసన

పాండురంగయ్య ఇంటికి రాగానే హనుమాయమ్మ చేసే మొదటి పని, అతని భుజం మీది కండువా అందుకుని దండెం మీద వేయడం. అతను గడపలో చెప్పులు విడిచేలోగా ఆమె కండెలు చుట్టే రాట్నం ఆపి లేచేది. రెండు చేతులా కండువా తీసుకునేది. బెజవాడలో బందరు కాలవ గట్టునున్న ఆ సాలీల వీధిలో ఎదురింటి రామతులసి రోజూ ఇది చూసి, "ఎంత తాగినోడైతేనేం, మొగుడంటే మా వదినకి దేవుడే" అని నలుగురిలో చెప్పేది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకు చూపించి నేర్చుకోమనేది.

అది భక్తి కాదు. వీధికి వీపు పెట్టి, దండెం వైపు తిరిగి, హనుమాయమ్మ ఆ కండువాను వాసన చూసేది.

సర్కారువారు జిల్లాలో మద్యనిషేధం పెట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కాలవ గట్టు చివరి కల్లుపాకకు తాళం పడింది. బెజవాడలో సభలు జరిగాయి. పేదవాడి ఇంటికి పట్టిన పీడ విరగడైందని పెద్దలు ఉపన్యాసాలిచ్చారు. వారి మనసు మంచిదే. కాని దుకాణం తలుపు మూయడం ఒక్క పూటలో అయ్యే పని, మరిగిన నాలుకకు తలుపు వేయడం అలా అయ్యేది కాదు. ఈ సంగతి సభలో పూలదండలు వేసుకున్నవారి కంటే ఇంట్లో అన్నం ముందు పెట్టుకుని ఎదురుచూసే ఆడవారికి బాగా తెలుసు. పాక మూశారు గాని తాటిచెట్లు అక్కడే ఉన్నాయి. చాటుమాటున గీసేవాళ్ళున్నారు, చాటుమాటున తాగేవాళ్ళున్నారు.

పాండురంగయ్య ఒకప్పుడు ఆ వీధిలో చెప్పుకోదగ్గ నేతగాడు. అతను నేసిన చీర అంచు చూసి గవర్నరుపేట కొట్లలో ఎవరి చేతి పనో గుర్తుపట్టేవారు. ఆ చేతులే తరువాత వణకడం మొదలుపెట్టాయి. సాలీల వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే బట్టకు నిలువు పోగులయ్యే నూలును, వీధి పొడుగునా సాగదీసి, పులిసిన గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. అది ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యేది కాదు. ఎండ ముదరకముందే, తెల్లవారుతుండగానే, ఇరుగుపొరుగు వచ్చి తలా ఒక చెయ్యి వేస్తారు. ఈ రోజు వారి పడుగుకు వీరు, రేపు వీరి పడుగుకు వారు. వణికే చేతులతో పాండురంగయ్య దువ్విన చోటల్లా పోగులు తెగుతుంటే, మొదట నవ్వారు, తరువాత విసుక్కున్నారు, చివరకు పిలవడం మానేశారు. పిలుపు లేనివాడు ఎవరిని పిలుస్తాడు? అతని మగ్గం గుంట ఎండి, పోగులు దూర్చే అచ్చుకు బూజు పట్టింది. హనుమాయమ్మ ఇరుగుపొరుగు మగ్గాలకు కండెలు చుట్టి ఇల్లు నడుపుతోంది.

ఆమె ముందు అతను పెట్టని ఒట్టు లేదు. దీపం మీద, బిడ్డ తల మీద, కులదైవం భావనారుషి మీద. ఒట్టు పెట్టిన మర్నాడే కండువా వాసన వచ్చేది. "ఏమిటిది?" అంటే, "గంజి వాసనేలేవే. నేతగాడి ఒంటికి అత్తరు వాసన వస్తుందా?" అనేవాడు. అలా ఏళ్ళ తరబడి గంజి పేరు చెప్పి కల్లు తాగాడు.

చివరకు పెదన నుంచి ఆమె అన్న భావనారాయణ వచ్చి, బావమరిది హోదాలో నాలుగు చీవాట్లు పెట్టి, వెళ్తూ వెళ్తూ చెల్లెలితో ఒక మాట చెప్పాడు.

"ఈసారికి వదిలేస్తున్నానమ్మాయ్. మళ్ళీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వాసన తగిలిందా, నాకు కబురు పెట్టు. నిన్నూ పిల్లనీ తీసుకుపోతా. మళ్ళీ ఈ గడప తొక్కేది లేదు."

ఆమె సరేనంది. మనసులో గట్టిగానే అనుకుంది.

ఆ తరువాత కొంతకాలం కండువా ఏ వాసనా లేకుండా ఉంది. పాండురంగయ్య గోడకు చేరబడి, దుప్పటి కప్పుకుని వణుకుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా గడిపాడు. ఒకరోజు గవర్నరుపేటకు పోయి వచ్చిన దగ్గర నుంచి అతనిలో ఏదో మారింది. తెల్లవారుజామునే లేచి చప్పుడు చేయకుండా తలుపు తీసుకుని వెళ్తున్నాడు. పొద్దు బారెడెక్కాక వస్తున్నాడు. ఎక్కడికంటే, "అలా గట్టు మీదికి" అంటున్నాడు. కండువాలో పుల్లటి వాసన!

మొదటి రోజు ఆమె నమ్మలేక రెండుసార్లు చూసింది. రెండో రోజు అడిగింది.

"ఏమిటండీ ఈ వాసన?"

పాండురంగయ్య తలెత్తలేదు. "గంజి వాసన" అన్నాడు.

హనుమాయమ్మకు నవ్వొచ్చింది. ఏడుపు కంటే చేదుగా ఉంది ఆ నవ్వు. ఇంట్లో పడుగు లేదు. మగ్గం మీద పోగు లేదు. వీధిలో ఎవరూ ఇతన్ని పిలవడం లేదు. గంజి ఎక్కడ నుంచి వస్తుంది? సాలె ఇంట పుట్టిన ఆడదానికి ఆ మాత్రం లెక్క తెలియదా?

ఇంకో గుర్తు కూడా ఆమె కనిపెట్టింది. అన్నం కంచం అందుకుంటున్న అతని చేతులు వణకడం లేదు. తెలియనివాళ్ళు చూస్తే సంతోషిస్తారు. కాని తాగుబోతు పెళ్ళానికి తెలిసిన శాస్త్రం వేరు. కల్లు పడకపోతే వణికే చేతులు, కల్లు పడగానే నిలకడగా ఉంటాయి. కాబట్టి తాగుతున్నాడు. కుదురుగా ఉన్న ఆ చేతులే ఆమెకు సాక్ష్యమయ్యాయి.

రామతులసి ఇంకో కబురు మోసుకొచ్చింది.

"నీకు చెప్పకూడదు గాని వదినా, చెప్పకుండా ఎట్టా ఉండను? మీ ఆయన ఆమోసు వెంట తిరుగుతున్నాడంట. గవర్నరుపేటలో గుడ్డల బేళ్ళు మోస్తాడే, ఆ హమాలీ. ఒకప్పుడు మీ ఆయన్ని తలదన్నిన తాగుబోతు."

"తాగటానికి తోడు దొరికాడన్నమాట."

"తాగుడొక్కటేనా? వాళ్ళావిడ సువార్తమ్మ పాటలు పాడుతుంది, ప్రార్థనలు చేస్తుంది. అందరూ పోగై ఏదో చేస్తారంట. రేపు మీ ఆయన మెళ్ళో సిలువ కట్టుకొచ్చాడనుకో, భావనారుషి పూజకి మిమ్మల్ని రానిస్తారా? నాకేం, నీ మంచి కోరి చెప్తున్నా."

ఆ మాటతో హనుమాయమ్మకు నిద్ర కరువైంది. కల్లా, మతమా, ఇంకా తనకు తెలియనిది ఏదైనా ఉందా? అనుమానం చెదపురుగు వంటిది. ఒక గుంజలో చేరితే ఇంటి వాసాలన్నీ తిరిగి వస్తుంది. అతను పిల్లను దగ్గరకు తీసుకుంటే ఎందుకు తీసుకున్నాడా అని చూసేది. మాట్లాడకపోతే ఏం దాస్తున్నాడా అని, మాట్లాడితే ఏం కప్పిపుచ్చుతున్నాడా అని. చివరకు నూలు కోసం పెదన వెళ్తున్న రామతులసి మొగుడి చేత అన్నకు కబురు పంపింది. "వాసన తగిలిందని చెప్పు అన్నయ్యా. మా అన్నకి అర్థమవుతుంది."

భావనారాయణ మర్నాడు ఉదయం బందరు బండికి వస్తానని తిరుగు కబురు చేశాడు. హనుమాయమ్మ చీరలు రెండు మూటగట్టి మంచం కిందకు తోసింది. కాని ఊరికే వెళ్ళిపోతే రేపు అతను వీధిలో నిలబడి తాను తాగలేదని అంటాడు. కళ్ళతో చూసి, మొహాన అడిగి మరీ పోవాలి.

ఆ తెల్లవారుజామున పాండురంగయ్య తలుపు దగ్గరగా వేసి వెళ్ళగానే ఆమె లేచింది. పిల్లను రామతులసికి అప్పగించి, చెంగు బిగించి, దూరంగా వెనకే నడిచింది. కాలవ మీద మంచు పొగలాగా ఉంది. అతను గట్టు చివరిదాకా పోయి, అటూ ఇటూ చూసి, కల్లుపాక వెనక తడిక తోసుకుని లోపలికి వెళ్ళాడు.

కల్లుపాక! ముందు వాకిటికి తాళం, వెనక వాకిట్లో వ్యాపారం. సర్కారు కళ్ళు కప్పారు, పెళ్ళాం కళ్ళు కప్పడం ఎంతపని?

తెలతెలవారేదాకా గట్టు మీదే ఆగి, చివరకు తడిక దగ్గరికి వచ్చింది. సందులోంచి మగవాళ్ళ మాటలు, ఒక నవ్వు వినిపించాయి. లోపల తడిక పక్కనే, నల్లగా మసిబారిన కల్లుకుండ. దాని మూతి మీద తెల్లటి నురగ. గుప్పుమని పులిసిన వాసన. ఇక ఆమె చూడవలసింది ఏమీ లేదు. తడిక తోసుకుని లోపలికి దూరి, కింద పడి ఉన్న తాటిమట్ట రెండు చేతులా ఎత్తి కుండ మీద ఒక్కటి వేసింది. కుండ బద్దలై తెల్లటిది నేలంతా పారింది.

"హనుమా! కాలు, కాలు! పడుగు తొక్కుతావు!"

పాండురంగయ్య గొంతు అది. ఆమె తలెత్తింది. పాక వెనక దొడ్లో, రెండు వరసల తాటిచెట్ల మధ్య, తెల్లటి పడుగు గుంజల మీద బారుగా సాగి ఉంది. ఈ కొసన పాండురంగయ్య, ఆ కొసన ఎత్తైన నల్లటి మనిషి. నడుమ కుంచెలు పట్టుకుని ఇద్దరు. నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఎవరూ ఆమె మీదికి రాలేదు, ఎవరూ పారిపోలేదు.

"ఇంకా నా కాలి సంగతి చెప్తావా? సిగ్గు లేదా నీకు!" హనుమాయమ్మ నోటి నుంచి 'మీరు' అన్న మన్నన జారిపోయింది. "బిడ్డ తల మీద ఒట్టు పెట్టి, నలుగుర్ని పోగేసుకుని, తెల్లారకుండానే..."

"అమ్మా, కొట్టేదుంటే నన్ను కొట్టు" అన్నాడు ఆ కొసనున్న నల్లటి మనిషి. అతనే ఆమోసు. "కొస వదిలితే పడుగంతా చిక్కుపడుద్ది. పారిపోటానికి లేదు, నిలబడే ఉన్నా."

కుంచె పట్టుకున్నవాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు.

హనుమాయమ్మ పాదాలు తడిగా, జిగటగా ఉన్నాయి. వంగి వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపింది. పుట్టిన నాటి నుంచి ఎరిగిన జిగురు అది. పులిసిన బియ్యపు గంజి.

ఆమె చేతిలోని తాటిమట్ట కింద పడింది.

"గంజి..." అంది.

"గంజేనని చెప్పాగా" అన్నాడు పాండురంగయ్య నెమ్మదిగా.

కుంచె పట్టుకున్న ముసలాయన నాంచారయ్య, అవతలి వాడకట్టు సాలె, తల పట్టుకున్నాడు. "మాటలు తర్వాత చెప్పుకోండి. సగం పడుక్కి గంజి పట్టింది, సగం పట్టలా. ఎండెక్కితే ఒక సగం బిర్రుగా, ఒక సగం మెత్తగా ఆరుద్ది. మగ్గమెక్కిస్తే పోగు మిగలదు. ఉన్న గంజి నేలపాలైంది."

"ఎవరిది ఈ పడుగు?" అని అడిగింది హనుమాయమ్మ.

పాండురంగయ్య ఆమె వైపు చూడకుండా, చేతిలోని కొస వైపు చూస్తూ అన్నాడు.

"మనదే. గవర్నరుపేట కొట్టు ఆదిశేషయ్యగారు నూలిచ్చారు, ఆమోసు అడగంగా. గంజి పెట్టి, ఆరబెట్టి, చుట్టి ఇంటికి తెచ్చి చూపిద్దామనుకున్నా."

ఆమె ఇంకేమీ అడగలేదు. పరుగులాంటి నడకతో వీధికి వచ్చింది. ఆ వేళకు రామతులసి వాకిట్లో వాళ్ళ పడుగు సాగి ఉంది, పెద్ద బానెడు గంజి సిద్ధంగా ఉంది. చుట్టూ అరడజను మంది.

"తులసీ, ఒక కుండెడు గంజి పొయ్యి."

"గంజా? నీకెందుకు వదినా? ఇంట్లో పడుగు కూడా లేదు కదా!"

తానూ నిన్నటిదాకా వేసిన లెక్క అదే. హనుమాయమ్మ ఒక్క క్షణం నేల చూసింది. ఇంతమందిలో ఏం చెప్పాలి? అవతలి వాడకట్టువాళ్ళు అడిగారనో, ఇంకేదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆమె తలెత్తింది.

"ఉంది. కల్లుపాక దొడ్లో సాగి ఉంది. మా ఆయన, ఆమోసు, ఇంకా ఇద్దరు కలిసి గంజి పెడుతున్నారు. నేను పోయి ఆ గంజి కల్లనుకుని కుండ పగలగొట్టొచ్చా. నవ్వేదుంటే తర్వాత నవ్వుకో. ముందు పొయ్యి."

వీధి నవ్వింది. "కల్లుపాకలో గంజి పెట్టటమేంది వదినా, విడ్డూరం కాకపోతే!" అని రామతులసి బుగ్గ నొక్కుకుంది. కాని ఆరుతున్న పడుగు సంగతి వింటూ నిలబడగల సాలె ఆడది లేదు. నవ్వుతూనే కుండ నింపి హనుమాయమ్మ తలకెత్తింది. చూడాలన్న ఆత్రం కొద్దీ, పిల్లను చంకనేసుకుని తానూ వెనకే వచ్చింది.

హనుమాయమ్మ కుంచె అందుకుంది. పడుగు పొడుగునా నడుస్తూ మొగుడి చేతుల దాకా వచ్చింది. ఆ చేతులు ఒకసారి సన్నగా వణికి, కొసను ఇంకా గట్టిగా పట్టుకుని, మళ్ళీ నిలకడయ్యాయి. అప్పుడు అర్థమైంది ఆమెకు. ఇది కల్లు ఇచ్చే నిలకడ కాదు. మనిషి లోపల నుంచి తెచ్చుకుంటున్నది.

పడుగు ఆరుతుండగా సువార్తమ్మ రాగిజావ తెచ్చి అందరికీ పోసింది. సిలువ సంగతి ఏమిటని రామతులసి సూటిగానే అడిగేసింది.

ఆమోసు నవ్వాడు. "నా ప్రార్థన నాది తల్లీ. పాండురంగయ్య ఇంటికాడ చేతులెత్తి మొక్కుకునే వొస్తాడు. ఆ దేవుడి దగ్గరికి ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. ఈ పడుగు దగ్గరికి మాత్రం అందరూ రావాలి."

"అసలు నీకూ ఈయనకీ ఎక్కడ కలిసింది?" అంది హనుమాయమ్మ. అనుమానం ఆమె గొంతులో ఇంకా పూర్తిగా చావలేదు.

"కొట్లో. ఎప్పుడో తను నేసిన చీర అమ్ముదామని చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు, చీర వణుకుతోంది. కొట్టువాళ్ళు చీర చూశారు. నేను చేతులు చూశా. నా చేతులూ అట్టాగే ఉండేయి. పక్కకి పిలిచి అడిగా, నీకు ఏ వేళకి కష్టమని. తెల్లారగట్ట అన్నాడు. మాకందరికీ అదే వేళ. దించిన కల్లు కోసం ఒళ్ళంతా పీకుద్ది. ఆ వేళ ఇంట్లో ఒంటిగా కూచుంటే ఓడిపోతాం. అందుకని ఇక్కడికి రమ్మన్నా. ఈ పాక యజమానికి ఇప్పుడు దీంతో పని లేదు, వాడుకోమన్నాడు. నాంచారయ్య తాతకీ వీధిలో ఎవరూ సాయం రారు. ఆయన పడుక్కి మేం చెయ్యేశాం. నేను హమాలీని, ఈ అంతోని పడవ లాగేవాడు, మాకు మొదట్లో కుంచె పట్టటం కూడా రాదు. అయినా కొస పట్టుకుని నిలబడొచ్చుగా? పట్టుకున్నాక వదలటానికి లేదు. వదిలితే అవతలోడి పడుగు పాడవుద్ది."

"ఒట్టు పెట్టిస్తారా?"

"అబ్బే, ఒట్టు పెట్టనివ్వం. మేం పెట్టిన ఒట్లతో కృష్ణకి ఇంకో ఆనకట్ట కట్టొచ్చు. పోయేటప్పుడు ఒక్కటే అడుగుతాం, రేపు పొద్దున వస్తావా అని. రాకపోతే ఇంటికి పోయి తలుపు కొడతాం. తాగి పడున్నా తిట్టం. లేపి తీసుకొస్తాం. ఈ అంతోనిని అట్టా ఎన్నిసార్లు తెచ్చామో!"

"ఆ లెక్కలు ఆడవాళ్ళ ముందెందుకన్నా" అని అంతోని గొణిగాడు.

హనుమాయమ్మ మొగుడి వైపు తిరిగింది. "నాకు చెప్తే నేను వద్దంటానా?"

"నమ్ముతావా?" అన్నాడు పాండురంగయ్య. "గంజి గంజి అని ఇన్నేళ్ళు అబద్ధం చెప్పా. ఇప్పుడు నిజం చెప్పటానికి నాకు ఇంకో మాట మిగల్లేదు."

అంతలో తడిక దగ్గర గట్టిగా దగ్గు వినిపించింది. భావనారాయణ! వీధిలో అడిగితే కల్లుపాకలో ఉన్నారని చెప్పారు. ఆ మాటతో అతని మొహం జేవురించి ఉంది. నేరుగా వచ్చి, గుంజకు తగిలించి ఉన్న పాండురంగయ్య కండువా లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇంకేం చూడాలి? చాల్లే సంబడం. పిల్లనెత్తుకో, పద."

"అది గంజి వాసన అన్నయ్యా" అంది హనుమాయమ్మ.

భావనారాయణ తెల్లబోయాడు. "ఇన్నాళ్ళూ ఆయన చెప్పే మాట ఇప్పుడు నువ్వందుకున్నావా?"

"ఇన్నాళ్ళూ ఆయన చెప్తే అబద్ధం. ఇవాళ నేను చెప్తున్నా. ఆమోసన్నకి గవర్నరుపేటలో బేళ్ళు దించే వేళయింది. పడుగు చుట్టాలి. ఆ కొస పట్టుకో."

"రేపు మళ్ళీ తాగితే?"

"తాగితే లేపుకొచ్చేవాళ్ళు ఇప్పుడు ముగ్గురున్నారు. నాతో నలుగురు. రేపటి సంగతి నాకు తెలియదు అన్నయ్యా. రేపు పొద్దున మాత్రం నేనూ వస్తా."

ఆమోసు తన కొసను అందుకుని భావనారాయణ ముందు చాపాడు. పెదన సాలె బిడ్డ, చాపిన పడుగు కొసను పట్టుకోకుండా ఉండలేకపోయాడు. కోపంగానే పట్టుకున్నాడు. అయినా పడుగు జారనివ్వలేదు.

ఆనాటితో హనుమాయమ్మ కండువా వాసన చూడటం మానేసిందని చెబితే అది కథ కోసం చెప్పిన మాట అవుతుంది. చాలాకాలం చూసింది. పాండురంగయ్య ఒకసారి జారాడు కూడా. ఆ ఉదయం ఆమోసు, అంతోని వచ్చి తలుపు కొట్టినప్పుడు తలుపు తీసింది ఆమే. అన్నకు కబురు పంపలేదు. మొగుణ్ణి లేపి, మొహాన నీళ్ళు చల్లి, వాళ్ళతోపాటు నడిపించుకు వెళ్ళి, పడుగు కొస అతని చేతికిచ్చింది.

తాగుబోతు భర్తకు కాపలా కాస్తున్న తల్లులారా, అతన్ని వెలివేసి ఊరుకున్న ఇరుగుపొరుగు పెద్దలారా, దుకాణాలకు తాళం వేయడం సర్కారు పని, అది జరిగింది. మిగిలిన పని మనది. పడుగు ఒక్కడి చేతిలో సాగదు, తాగుడు ఒక్కడి వల్ల పోదు, అవతలి కొస పట్టుకోవడానికి మనిషి కావాలి.